పొందూరు మడిలో ఫిలిప్పీన్స్ నాట్యం

మా మిత్రుడి కూతురు శిరీష ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదివి వచ్చింది. అక్కడి రైతులు కలిసి వరి నాటుకోవడంలోంచి పుట్టిన నాట్యాన్ని మా వైపు కాలేజీ అమ్మాయిలకు నేర్పింది. దాన్ని నిజం మడిలో ఆడించి వీడియో తీయాలని ప్రిన్సిపాలుగారికి బుద్ధి పుట్టింది. ముఖ్య అతిథిగా ఇంకెవరూ దొరక్క నన్ను పిలిచారు.

ఉదయం ఏడుంబావుకు విజయనగరంలో పాసింజరు ఎక్కాను. ఎదుటి సీట్లో ఎండుచేపల గంపతో ఉన్నావిడ ఎక్కడికని అడిగితే, వరినాట్ల డాన్సు, మా వైపు మాటలో ఉభాల డాన్సు, చూడ్డానికని చెప్పాను.

"ఉభాలు సూడ్డానికి రైలెక్కినావా బావూ?" అంది. జాలిపడి కాస్త చోటు కూడా ఇచ్చింది.

పొందూరులో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో మడి చేరేసరికి తొమ్మిదిన్నర. గట్టు మీద షామియానా, సోఫా. మడిలో పన్నెండుమంది అమ్మాయిలు, చేతుల్లో ప్లాస్టిక్ నారు. పాటకు గిటారు వాయించే అమ్మాయి గట్టు మీద. అసలు నారు కట్టలు గట్టున వాడిపోతున్నాయి. వాటి పక్కనే నాటడానికొచ్చిన ఎనిమిదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. కెమెరాకు అడ్డం రావద్దని వాళ్ళకు చెప్పారట. నాకు శాలువా కప్పారు. శ్రమజీవుల ఐక్యత గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. శ్రమజీవులు ఆవలించారు.

మూడో టేకు అయ్యేసరికి పదకొండు దాటింది. నాట్లవాళ్ళకు పెద్ద అయిన అప్పలమ్మ నా దగ్గరకొచ్చింది. సాయంత్రం కాలవ నీరు పై మడులకు మళ్ళిస్తారని, ఈలోగా నాటకపోతే నారంతా పోతుందని చెప్పింది. తర్వాత డాన్సు వైపు చూసింది.

"ఆల్లు ముందుకి నడుస్తన్నారు బావూ. నాటిందాన్నే తొక్కుతన్నారు."

శిరీషను అడిగాను. ఫిలిప్పీన్స్‌లోనూ వెనక్కే నడుస్తారని, మొహాలు కెమెరాకు దగ్గర కావాలని ప్రిన్సిపాలుగారే మార్పించారని తలదించుకుని చెప్పింది.

పన్నెండున్నరకు ఆయన భోజనానికి లేచారు. కెమెరా ఆయన వెంటే వెళ్ళింది. అప్పలమ్మ ఎవర్నీ అడగలేదు. చీర ఎగదోపుకుని తన మనుషులతో మడిలోకి దిగింది. శిరీష ప్లాస్టిక్ నారు గట్టు మీద పారేసి వాళ్ళ వరసలో వంగింది. ఒక్కొక్కరే అమ్మాయిలూ వంగారు. గిటారు అమ్మాయి వాయించడం ఆపలేదు. అందరూ వెనక్కి నడుస్తుంటే ముందంతా పచ్చబడుతోంది. నేనూ రెండు వరసలు నాటాను. అప్పలమ్మ వాటిని పీకి మళ్ళీ నాటింది.

ప్రిన్సిపాలుగారు తిరిగొచ్చేసరికి డాన్సుకు జానెడు చోటు మిగల్లేదు. అందరి ముందూ శిరీషకు క్రమశిక్షణ గురించి క్లాసు పీకారు.

నాలుగున్నర రైలుకు నేనూ శిరీషా తిరుగుముఖం పట్టాం. నా నడుము నిటారుగా నిలబడనంటోంది. ఈ నాట్యం చూడాలనుకునేవాళ్ళు నాట్ల రోజుల్లో తప్పక వెళ్ళండి. చాలా బాగుంటుంది, పెద్దమనుషులు భోజనానికి లేచాక.

చీపురుపల్లి దాటాక ప్రిన్సిపాలుగారు ఫోన్ చేశారు. వేరే మడి చూశారట, రేపు మళ్ళీ షూటింగట.

"వెనక్కి నడవనిస్తే వస్తాను సార్," అంది శిరీష.

అవతల ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. శిరీష ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళలో బురద తీసుకుంటూ కూర్చుంది.