గుడారాలు వాసన చూసే అక్క

ఆ ఉదయం అక్క నీలం గుడారమొకటి తిరగేసి తాడు మీద ఆరేసింది. రెండు మూలలకు క్లిప్పులు పెట్టి, మూడోది పళ్ళ మధ్య పట్టుకునే నాతో మాట్లాడింది.

"ఎండ ఇటు తిరిగాక దీన్ని అటు తిప్పవే. జిప్పు దగ్గర తడి ఉండిపోతుంది."

తర్వాత దగ్గు అందుకుంది. దగ్గుతూనే మెట్టు మీద కూర్చుంది, మళ్ళీ లేవలేకపోయింది. పార్కు జీపులో కింద ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నెమ్ము ఊపిరితిత్తులంతటా పాకిందన్నారు. ఆ వారం దాటలేదు.

అడవి కొండల మీద నడవడానికి, రాత్రుళ్ళు అక్కడే పడుకోవడానికి, జంతువుల్ని చూడడానికి జనం వచ్చే పార్కు అది. గేటు పక్కన రేకుల కప్పున్న పొడవాటి గదిలో గుడారాలు అద్దెకిస్తారు. ఆ గది అక్కది. బావ పోయాక కూడా దాని వెనకున్న రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయింది. పైకి ఎక్కింది తక్కువే. కొండే మడతల్లో ఆమె దగ్గరికి దిగి వచ్చేది. తిరిగొచ్చిన గుడారం దులిపితే ఎండుటాకులు, గడ్డి గింజలు, ఒక్కోసారి పిట్ట ఈక రాలేవి. వాటిని ఊడ్చి పారేసే ముందు కాసేపు చూసేది.

దులిపాక అసలు పని. గుడారం తలుపు తీసి, మోకాళ్ళ మీద వంగి, తల లోపలికి పెట్టి వాసన చూసేది. లోపల ఎవరైనా ఏమైనా తిని ఉంటే ఆ వాసన బట్టకు పట్టేస్తుంది. మనకు తెలియకపోయినా ఎలుగుబంటికి తెలుస్తుంది. అక్క ఆ పనిలో చేరిన కొత్తలో ఒకాయన్ని స్ట్రెచర్ మీద దించారు. నిద్రలో ఉండగా ఎలుగు గుడారం చీల్చి భుజం పట్టుకుంది. ఆయన లోపల ఏమీ తినలేదు. అంతకు ముందు అద్దెకు తీసుకున్నవాళ్ళెవరో చేపలు తిన్నారు. ఆ గుడారం మడతపెట్టి ఆయన చేతికిచ్చింది అక్కే. అప్పటికి వాసన చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి ఆమె ముక్కు దాటకుండా ఒక్క గుడారమూ పైకి వెళ్ళలేదు. పై క్యాంపు నుంచి గుడారాలు మోసుకొచ్చే గైడుకి ఒళ్ళంతా జుట్టే. అందుకని అక్క అతన్ని 'ఎలుగూ' అని పిలిచేది.

"ఏం తిన్నారో చెప్పండక్కా, చూద్దాం," అనేవాడు వచ్చీ రాగానే.

"వాళ్ళు తిన్నది తర్వాత. నువ్వు స్నానం చేసి ఎన్నాళ్ళైందో ముందు చెప్పమంటావా?"

మిగతా గైడులు పగలబడి నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు, కాస్త దూరం జరిగి.

రెండేళ్ళ కిందట వానాకాలంలో అక్కకు జ్వరం వచ్చి తగ్గింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చాక వెళ్ళేసరికి మామూలుగానే తిరుగుతోంది. ఒక సాయంత్రం పెరట్లోంచి లోపలికి వస్తే ఇల్లంతా మాడు కంపు. అక్క పొయ్యికి వీపు పెట్టి, చిరిగిన గుడారానికి మాసిక వేస్తూ కూర్చుంది.

"అక్కా, పాలు మాడిపోతున్నాయి."

వెనక్కి తిరిగి గిన్నె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. గిన్నె దించి, అడుగు గీకుతూ అంది, "ముక్కు పోయిందే. జ్వరంతోనే పోయింది."

"డాక్టర్ని అడిగావా?"

"అడిగాను. రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను."

"మరి ఆఫీసులో చెప్పు."

"చెబితే టికెట్ల కిటికీలో కూర్చోబెడతారు. ఈ గదికి ఇంకెవరినో వేస్తారు. వాళ్ళు గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి బాగుందంటారు. నాకు ఆ స్ట్రెచరే కనిపిస్తూ ఉంటుంది. వద్దులే. ముక్కు లేకపోతే చేతులున్నాయిగా. నువ్వు మాత్రం నోరు మూసుకో."

ఆ రోజునుంచి వచ్చిన ప్రతి గుడారాన్నీ ఉతకడం మొదలుపెట్టింది. గైడుల ముందు ఎప్పటిలాగే తల లోపలికి పెట్టేది. బయటికి తీసి, మొహం చిట్లించి, "ఊఁ, దీన్ని ఉతకాలి," అనేది. వేడినీళ్ళు పోస్తే బట్టకున్న, వాన ఆపే పూత పోతుందని కొండ నీళ్ళతోనే ఉతికేది. ఆ నీళ్ళు చలికాలంలో ఎలా ఉంటాయో తెలియాలంటే ఒక్క చెంబుడు చేతుల మీద పోసుకుంటే చాలు. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. గుడ్డలు చుట్టుకుని మళ్ళీ ఉతికేది. నేనున్న రోజుల్లో రెండో కొస పట్టుకుని పిండేదాన్ని.

"అన్నీ కంపేనా అక్కా?" అని ఎలుగు అడిగాడొకసారి.

"ఏం చేస్తాం, జనం తిండిపోతులైపోయారు."

ఉతుకుడు ఎక్కువై పూత ఎలాగూ పోయింది. వానకి కారుతున్నాయని వచ్చినవాళ్ళు గొణిగారు. ఆఫీసరు వచ్చి, "ఏంటమ్మా, గుడారాలు జల్లెడలవుతున్నాయి," అన్నాడు. అక్క తల ఊపి, పగలు ఉతికి, సాయంత్రాలు పూత వేసింది. కిందటి చలికాలం పట్టుకున్న దగ్గు ఎండాకాలంలోనూ వదల్లేదు. నాతో వచ్చెయ్యమని బతిమాలాను.

"వచ్చి? నీ ఇంట్లో నీ చీరలు ఉతకనా? అవీ గుడారాలంత ఉంటాయి," అంది.

నవ్వాను. ఆమెకు నవ్వితే దగ్గొచ్చేది, అందుకని తను నవ్వలేదు.

ఆమె పోయాక ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. సామాను జీపులో పెట్టడానికి ఎలుగు వచ్చాడు. గుడారాల గదిలో ఇంకా తడి బట్ట చల్లదనం ఉంది. ఇక దాచాల్సింది ఎవరి కోసం అనిపించింది.

"మీకెవరికీ తెలీదు గానీ, అక్కకి ఈ రెండేళ్ళూ వాసన తెలిసేది కాదు," అన్నాను.

అతను పెట్టె కింద పెట్టాడు.

"తెలుసమ్మా. ఆ జ్వరం తగ్గిన కొత్తలో, అక్క ఇంకా అన్నీ ఉతకడం మొదలుపెట్టక ముందు, ఒక గుడారం తెచ్చాను. ఎవరో అందులో చేపల డబ్బా ఒలకబోశారు. మోసుకొస్తుంటే దారంతా అదే కంపు. అక్క తల లోపల పెట్టి, 'బాగానే ఉందిరా' అంది. ఆ రాత్రే దాన్ని పట్టుకుపోయి వాగులో ఉతికాం."

"మరి ఆమెతో ఎందుకు అనలేదు?"

"ఆవిడే మాతో అనలేదు కదమ్మా. మేమెలా అంటాం?"

పెట్టె మళ్ళీ ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అప్పట్నుంచి పై క్యాంపులోనే ఒక్కోటీ మేమే వాసన చూసేవాళ్ళం. కాస్త అనుమానమొచ్చినా అక్కడే వాగులో ఉతికి, ఆరేసి దించేవాళ్ళం. అక్క చేతికి వచ్చినవన్నీ మంచివేనమ్మా."