ఏం తక్కువైందో చెప్పిన మనిషి

కంప్యూటర్ సారు పోయాడని బోధన్ నుంచి వాళ్ల అక్క ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిందట. నిజామాబాద్‌లో మా ముందు గదిలో ఆరేళ్లు కిరాయికున్న మనిషి. నాకు చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను. ఆయనకు ఆ డబ్బా ముందు కూర్చోవడం తప్ప ఏ పనీ రాదన్నవాళ్లు ఇది చదవాలి.

బీడీలు చుట్టే ఆడవాళ్లు సర్కారు ఇళ్లకు పెట్టుకునే అర్జీల కోసం మా సంఘానికి కంప్యూటర్‌లో ఫారం చేసిచ్చింది ఆయనే. అంతకుముందు మా మరిది ఏదో కాగితం మీద నా వేలిముద్ర వేయించి, నా అర్జీని తన పేరుకు మార్పించుకున్నాడు. అందుకే ఈసారి పాస్‌వర్డ్ నా ఒక్కదాని చేతిలోనే ఉండాలన్నాను.

దానికి ఆయన షరతులు పెట్టాడు. ఎనిమిది అక్షరాలకు తగ్గొద్దు. ఇంగ్లీషు పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, ఏదో ఒక గుర్తు ఉండాలి. అన్నీ కలిపి ఒకే పొడుగు వరుసలో రాశాడు. నొక్కింది సరైందో కాదో కంప్యూటర్ ఆ వరుసతోనే చూసుకుంటుందట, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనేవాడు దాన్ని. నాకు అక్షరాల పేర్లు తెలియవు, మీటల చోట్లు తెలుసు. ఎట్లా నొక్కినా ఫారం వద్దనేది. నాలుగోసారికి ఒళ్లు మండింది.

“మా కంపెనీల గూడ చుట్టిన బీడీలు గిట్లనే తీసి పారేస్తరు సారూ, ఎందుకో చెప్పరు. నీ డబ్బాది గూడ గదే జాతా?”

ఆయన నవ్వలేదు. మర్నాడంతా కూర్చుని ఆ వరుసను ఐదు ముక్కలు చేశాడు. ఒక్కో షరతుకు ఒక ఎర్ర చుక్క. కుదిరితే పచ్చగా మారుతుంది. ఏ చుక్క దేనికో వరుసగా నేర్పాడు.

“వద్దనుడు అల్కనే అవ్వా. ఏం తక్కువైందో చెప్పుడే కష్టమైన పని” అన్నాడు.

బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ ఊళ్లో పుట్టి, చక్కెర లేని చాయ్ తాగేవాడు. చిన్నప్పుడు పీల్చిన వాసనే చాలనేవాడు. నేను మీటలు నొక్కుతుంటే గోడవైపు తిరిగి నిలబడేవాడు. నేను అయిందంటేనే ఇటు తిరిగి, అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో చదివి చెప్పేవాడు.

సారు పోయాక, అర్జీ ఏమైందో చూద్దామని మొన్న బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు ఒక్కదాన్నే పోయాను. పాస్‌వర్డ్ చెప్తే తనే కొడతానన్నాడు అక్కడి మనిషి.

“నోటితోని చెప్పేది కాదు. అటు తిరుగు.”

గొణుక్కుంటూ తిరిగాడు. నా పేజీ తెరుచుకుంది. నిండా అక్షరాలు. ఇల్లు నాకు వచ్చిందో, మళ్లీ మరిది పేరే ఎక్కిందో తెలియలేదు. చదువుతానంటూ సెంటర్ మనిషి ముందుకు వంగాడు. మరిది వేయించిన వేలిముద్ర గుర్తొచ్చి, నేను కొంగు తీసి తెర మీద కప్పి, రెండు చేతులతో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.