పదహారు గుంజల బాట

ఆర్లీన్ టాట్రో ముప్పయ్యొక్క ఏళ్లు ఈస్ట్ కోర్బిన్ బడి వంటగదిలో గరిటె తిప్పింది. పిల్లలు తగ్గిపోయి బడి మూతపడ్డాక ఆమెకు చేతులు ఊరుకోలేదు. లైబ్రరీ వాళ్లు ఊరి అడవిలో కథల గుంజలు పాతుతున్నారని విని, వెళ్లి పార అందుకుంది. ఆ పని చివరికి ఆమె మెడకే చుట్టుకుంది, ఆమె కూడా వదిలించుకోవాలని చూడలేదు.

బాట పొడవునా పదహారు గుంజలు. ఒక్కో గుంజ మీద పిల్లల ఛాతీ ఎత్తున వాలుగా ఒక చెక్క పలక, దాని మీద అద్దంలాంటి ప్లాస్టిక్ మూత, నాలుగు మూలలా నాలుగు మరలు. మూత కింద బొమ్మల పుస్తకంలోంచి ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు. అవి చదివేశాక తర్వాత ఏమైందో తెలియాలంటే పిల్లలు పక్క గుంజ దాకా పరుగెత్తాల్సిందే. నెలకో పుస్తకం మారుతుంది. మొదటిసారి కొత్త పుస్తకం వెన్ను కోయమన్నప్పుడు ఆర్లీన్‌కి చెయ్యి ఆడలేదు. "ఒకటి కోస్తే సరిపోదు ఆర్లీన్, రెండు కాపీలు కోయాలి. లేకపోతే కాగితాల వెనకవైపున్న సగం కథ చెక్కకి మొహం పెట్టుకుని ఉంటుంది" అంది లైబ్రరీ ఆవిడ. ఆర్లీన్ కళ్లు మూసుకుని కత్తి దించింది.

వెర్మాంట్ కొండల్లో ఏప్రిల్ అంటే వసంతమని ఎవరైనా అంటే వాళ్లు ఇక్కడ చెప్పులు వేసుకుని నడవలేదన్నమాట. ఏప్రిల్ అంటే అడుసు. మంచు కరిగి బాటంతా మెత్తబడుతుంది, అందులో పడిన అడుగు అలాగే గట్టిపడుతుంది, వాన నీళ్లు ఆ గుంటల వెంట పారి మట్టిని కోసేస్తాయి. అందుకే మే నెలాఖరు దాకా బాటకి గొలుసు. ఆ గొలుసుకి తాళం వేసేది ఆర్లీన్. ఈ విషయంలో ఆమె ఎవరినీ లెక్కచేసేది కాదు. ఒక ఏడు పక్కింటి రాయిస్ పెల్కీ తన కుక్కని వెతుక్కుంటూ లోపలికి పోతే ఊరందరి ముందూ కడిగేసింది.

"కుక్కకైతే చదువు రాదు. నీకూ రాదా, బోర్డు చదవడానికి?"

"నాకు వచ్చులేవే తల్లీ, కుక్కకే నేర్పించలేదు" అన్నాడు రాయిస్, బూట్ల బురద గీక్కుంటూ.

ఇంత ఖచ్చితమైన మనిషి ఒక్కసారి మెత్తబడింది. ఆ ఒక్కసారికే ఆమె బతుకు కూలిపోయింది.

ఆమె కూతురు జోలీన్‌కి నడుం నొప్పికని మొదలైన మాత్రలు అలవాటయ్యాయి. తర్వాత మాత్రలు పోయి మత్తు సూదులొచ్చాయి. జోలీన్ కూతురు మార్నీకి నాలుగేళ్లప్పుడు కోర్టు ఆ పిల్లని అమ్మమ్మ ఇంట్లో పెట్టింది, తల్లి ఒంటరిగా పిల్లని తీసుకెళ్లకూడదన్న షరతు మీద. పిల్ల పుట్టినరోజు నాడు జోలీన్ వచ్చింది. తల దువ్వుకుంది, కళ్లు తేటగా ఉన్నాయి. "ఒక్క గంటమ్మా. ఐస్‌క్రీమ్ తినిపించి తెచ్చేస్తాను" అంది. ఏ తల్లికి మాత్రం ఆశ ఉండదు? ఆర్లీన్ పిల్లకి కోటు తొడిగి పంపింది. మూడు గంటల తర్వాత పెట్రోలు బంకు పక్కన కారులో జోలీన్ స్పృహ లేకుండా దొరికింది. వెనక సీట్లో పిల్ల బెల్టు పెట్టుకునే కూర్చుని ఉంది. జోలీన్ బతికింది. మార్నీ మాత్రం మళ్లీ అమ్మమ్మ ఇంటికి రాలేదు.

రెండు గంటల ప్రయాణం దూరంలో విట్‌కాంబ్ అనే దంపతులు పిల్లని పెంచడానికి తీసుకున్నారు. మంచివాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవాలని ఆర్లీన్ ఎంతో ప్రయత్నించింది, కారణం దొరక్క అదీ చేతకాలేదు. ఆమెకి నెలకి ఒక గంట ఇచ్చారు. ప్రభుత్వం తరఫు అమ్మాయి బ్రెన్నా పక్కనే ఉంటుంది, నలుగురూ తిరిగే చోటే కలవాలి. ఆర్లీన్ తన బాటనే ఎంచుకుంది. చలికాలంలో మంచు తొక్కుకుంటూ కూడా వెళ్లేవాళ్లు, గొలుసున్న నెలల్లో మాత్రం లైబ్రరీ గదిలో కూర్చునేవాళ్లు.

పదహారు గుంజలకి సరిగ్గా గంట పట్టేది. ఆర్లీన్ కావాలనే నెమ్మదిగా చదివేది. ప్రతి మాట కిందా వేలు పెట్టేది, బొమ్మలో నక్క తోకకి ఎన్ని చారలో లెక్కపెట్టించేది. ఏడాదిన్నర తిరిగేసరికి మార్నీ వేలు అమ్మమ్మ వేలు కంటే ముందుకు పోవడం మొదలెట్టింది. "నేను చదువుతా, నువ్వు ఊరుకో" అనేది. ఆ మాట విని ఆర్లీన్ మురిసిపోయి రాయిస్‌కి పదిసార్లు చెప్పింది.

మార్చిలో కోర్టు తల్లి హక్కులు తీసేసింది. విట్‌కాంబ్ వాళ్లు పిల్లని దత్తత తీసుకుని మరో రాష్ట్రానికి వెళ్తున్నారు. బ్రెన్నా ఫోన్ చేసింది.

"ఆర్లీన్ గారూ, ఏప్రిల్లో ఆఖరిసారి. ఇది ఆఖరిదని మీరే చెప్పాలండీ, మీ నోటితో. లేకపోతే పిల్ల ఎదురుచూస్తూనే ఉంటుంది."

"చెప్తాలే అమ్మాయ్."

"బాటకి గొలుసు కదా. లైబ్రరీ గదిలో కూర్చుందామా?"

"గొలుసు సంగతి నేను చూసుకుంటాను."

ఆ శనివారం పొద్దున్నే ఆర్లీన్ తాళం తీసింది. పదేళ్లలో ఏప్రిల్లో ఆ తాళం తియ్యడం అదే మొదలు. పెట్టిన పుస్తకం సముద్రం చూడాలనుకున్న ఆవుది. పదహారో గుంజ దగ్గర, కథ అయిపోయాక చెప్పాలనుకుంది. ఎలా చెప్పాలో వారం రోజులుగా పాత్రలు తోముతూ వల్లెవేసుకుంది. దారిలో గంట ఉంది కదా, ధైర్యం కూడగట్టుకోవచ్చులే అనుకుంది.

మార్నీ కారు దిగింది. పసుపు బూట్లు, ముందు పన్ను ఊడింది. మొదటి గుంజ దగ్గర నిలబడి గడగడా చదివేసింది. ఆవు కొట్టం తలుపు తోసింది. రెండో గుంజకి పరుగు. ఆవు తపాలా మనిషిని దారి అడిగింది. మూడో గుంజకి పరుగు.

"నెమ్మదిగా తల్లీ, జారతావు. ఆ తపాలా మనిషి టోపీ మీద ఏముందో చూశావా?"

"పిట్ట. చూశాను. రా అమ్మమ్మా!"

ఆర్లీన్ బూట్లు అడుసులో దిగబడుతున్నాయి. ఒక్కో అడుగు పీక్కుంటూ ఆమె ఏడో గుంజ చేరేసరికి పిల్ల పదకొండో దాని దగ్గరుంది. ఆయాసపడుతూ పదహారో గుంజ దగ్గరికి వచ్చేసరికి ఆవు సముద్రాన్ని నాకి చూసి, ఇంత ఉప్పుందని ముందే తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని కదా అనేసింది కూడా. మార్నీ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. బ్రెన్నా వాచీ చూసుకుంది. పదమూడు నిమిషాలు.

ఆర్లీన్‌కి అప్పుడు అర్థమైంది, పిల్లకి చదువు నేర్పి తన గంటని తానే కోసేసుకున్నానని. గర్వపడాలో గుండె బాదుకోవాలో తెలియలేదు. చెప్పాల్సిన మాట పక్కనపెట్టి, మూత మీద పడిన బురద చుక్క తుడిచింది.

"వెనక్కి చదువుదామా?" అంది మార్నీ. "ఇక్కణ్ణుంచి అక్కడికి."

వెనక్కి చదువుతూ నడిచారు. ఆవు సముద్రం వదిలేసింది, వంతెన దాటింది, తపాలా మనిషికి మళ్లీ ఎదురుపడింది. ఈసారి పిల్ల పరుగెత్తలేదు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె వేలు మాట కింద ఆగినంతసేపూ తానూ ఆగింది. మొదటి గుంజ దగ్గరికి చేరేసరికి ఆవు కొట్టంలో గడ్డి తింటోంది.

"ఇంటికొచ్చేసింది చూడు" అంది మార్నీ.

ఆర్లీన్ ఆ అడుసులోనే మోకాళ్ల మీద కూర్చుంది.

"బంగారం, ఇక మనం... ఇది ఆఖరిసారి. నువ్వేం తప్పు చెయ్యలేదు. తప్పు నాది."

"తెలుసు. ఆఖరిదని బ్రెన్నా చెప్పింది, నువ్వూ చెప్తావంది." పిల్ల బూటుతో మట్టి తోసింది. "వచ్చే నెల ఏ పుస్తకం పెడతావు?"

"కప్పది."

"రెండు కాపీలు కోయాలి. మర్చిపోకు."

"మర్చిపోను."

కారు మలుపు తిరిగాక ఆర్లీన్ గొలుసు పెట్టి తాళం వేసింది. తర్వాత దంతె తెచ్చి, తన అడుగులూ బ్రెన్నా అడుగులూ ఒక్కొక్కటిగా చదును చేసింది. చిన్నవాటి జోలికి పోలేదు.

మే నెలాఖరున బాట తెరిచే రోజు రాయిస్ గుంటలు పూడ్చడానికి తోపుడుబండి నిండా కంకర వేసుకొచ్చాడు. రెండో గుంజ దగ్గర ఆగిపోయాడు.

"ఇది చూశావా? బురదలో పిల్లని తోలారు ఎవరో. అడుగులు ఎండి రాయిలా అయ్యాయి. ఈ గాడిద ఎవరో తెలిస్తే నీ చేత తిట్టించాలి."

"నేనే" అంది ఆర్లీన్.

రాయిస్ ఆమె వంకా నేల వంకా చూశాడు. బండి తిప్పుకుని వాగు వైపు పోయాడు. ఆ కంకర అక్కడే ఎక్కడో పోశాడు.

ఆమె కప్ప పుస్తకం పెట్టింది, రెండు కాపీలూ కోసి. వారానికోసారి అద్దాలు తుడిచే వంకతో వెళ్లి మార్నీ అడుగులు లెక్కపెట్టుకునేది. మొదటి వారం ముప్పయి నాలుగు. తర్వాత పంతొమ్మిది. సెలవులిచ్చారు, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి గుంజ నుంచి గుంజకి పరుగులు పెట్టారు. వద్దని ఎలా అంటుంది? వాళ్లు పరుగెత్తాలనే కదా ఆ గుంజలు పాతింది. జూన్ ఆఖరి శనివారం వెళ్లేసరికి పదహారో గుంజ ముందు ఒక్క మడమ గుర్తు మిగిలింది. ఆర్లీన్ దాని పక్కన నిలబడి ఉండగానే ఒక బుడ్డోడు కేకలేస్తూ వచ్చి, కప్ప చివరికి ఏమైందో చూడ్డానికి సరిగ్గా దాని మీదే నిలబడ్డాడు.

"చదవడం రాదు నాకు. చదివి పెట్టవా?" అన్నాడు.

ఆర్లీన్ వంగి, మొదటి మాట కింద వేలు పెట్టింది. ఎంతసేపు చూసినా ఆమెకు అక్షరాలు కనపడలేదు.