అక్క వినని ముగింపు

ఏడో నెలలో గాజులు తొడిగించుకుని అక్క పురిటికి నెల్లితోపులోని మా ఇంటికి వచ్చేసరికి నేను కాలేజీలో రెండో ఏడు చదువుతున్నాను. మార్కెట్ వెనక అద్దె పుస్తకాల షాపులో నాకు సభ్యత్వం ఉండేది. ఇంగ్లీషు నవలలు తెచ్చి టెక్స్టు పుస్తకాల మధ్య పెట్టుకుని చదివేదాన్ని. నచ్చినవాటి గురించి డైరీలో రాసుకోవడమే తప్ప ఎవరితోనూ మాట్లాడింది లేదు. నాకు మాట్లాడాలని ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచనూ లేదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది కాలేజీ వయసు వాళ్ల కోసం రాసిన నవల. కథానాయికకు ఒక వేసవి మొత్తం జ్ఞాపకం లేదు. చెరువు గట్టున ఒక కుర్రవాడు ఆమెకు మాత్రమే కనిపిస్తాడు, ప్రేమిస్తాడు. వాడు దయ్యమో, ఆమె మనసు కల్పించుకున్న మనిషో, బతికుండగా వాణ్ణి చంపింది ఆమేనో తేలదు. పేజీ తిప్పుతుంటే భయం వేసేది. అయినా వాడు మళ్లీ రావాలనే ఉండేది.

ఒక మధ్యాహ్నం అక్క నన్ను చూసి, "ఏందే, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు? నాకూ చెప్పు" అంది.

చెప్పాను. ఆ రోజు నుంచి అమ్మ కునుకు తీసే వేళకి అక్క నా కోసం ఎదురుచూసేది. గాజుల చప్పుడు కాకుండా చేతులు పొట్టకి ఆనించుకుని వినేది.

"చెయ్యి చల్లగా ఉండాదంటే వాడు పేయే. నాకు తెల్లా?" అంది అక్క ఒక రోజు.

"దయ్యమైతే ఇంత ప్రేమ యాడిది?"

"మీ బావ కంటే నయమే. పిలవకనే వస్తాడు."

ఇద్దరం నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. నా మాటల కోసం ఒక మనిషి కూర్చోవడం నాకు అదే మొదలు.

ఒక శుక్రవారం అక్క అత్తగారు అరిసెల్లాంటి అదిరసాల డబ్బాతో వచ్చింది. చెప్పులు విప్పుతుండగా అక్క గొంతు ఆమెకు వినపడింది: "ఆ పిల్లే చంపేసుంటుంది, ఆ పేయిని."

ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. అమ్మను లేపింది. "గాజులెందుకు తొడిగినాం వదినా? కడుపులో బిడ్డ ఆ సద్దు వినాలని. మీ ఇంట్లో బిడ్డకి వినిపించేది పేయి కతలా? ఇట్టయితే పురుడు మా ఇంట్లోనే పోస్తాం."

అమ్మ మొహం పాలిపోయింది. అక్క గాజులు సర్దుకుంటూ, "నేను వద్దనే చెప్పినా అత్తా. అదే వినకుండా చెప్తా ఉండాది" అంది.

"నోరులేని పిల్లనుకుంటిమి" అంది అత్తగారు, డబ్బా మూత తీస్తూ. "తెరిస్తే ఇదా."

నేను అక్క వైపు చూశాను. ఆమె అదిరసం అందుకుంది.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని షాపుకి పోయి, నవల తిరిగిచ్చి, సభ్యత్వం తీయించేసింది. "ఇంక దీనికి ఏ పుస్తకమూ ఇయ్యొద్దు, దీని బుద్ధి సరిలేదు" అని అందరిముందూ చెప్పింది. నేను అట్టలు చూస్తూ నిలబడ్డాను.

"ఏమనుకోవద్దే. ఆమె ముందర ఇంకేం చెప్పేది?" అంది అక్క సాయంత్రం. నేను టెక్స్టు పుస్తకం తెరిచాను.

తర్వాత క్లాసులో ఒకమ్మాయి అదే నవల అద్దెకు తెస్తే, మిగిలిన అధ్యాయాలు కాలేజీ మెట్ల మీద కూర్చుని చదివేశాను. అంత మంచి ముగింపు నేను ఎదురుచూడలేదు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ అది నోట్లోనే ఉంది. గుమ్మంలోకి రాగానే అక్క కనపడింది. మింగేశాను.

అక్కకు మా ఇంట్లోనే పురుడు జరిగింది. మగపిల్లవాడు, ఏ లోటూ లేదు. బాలింతకు పథ్యం పెట్టడం, బిడ్డకు నీళ్లు పోయడం అన్నీ అత్తగారు దగ్గరుండి చూసి, సంతృప్తిగా వెళ్లింది. ఆమె ఆటో కదలగానే అక్క బాబును ఒళ్లో సర్దుకుని గొంతు తగ్గించింది.

"ఇప్పుడు చెప్పు. బిడ్డ బయటికి వచ్చేసినాడు గదా. చంపింది ఆ పిల్లేనా?"

"నాకు తెలవదు."

"ఊరికే చెప్తా ఉండావు. నువ్వు చదవకుండా ఉంటావా?"

"పుస్తకం ఇచ్చేసినాం గదా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నాకు తెలుసని ఆమెకు తెలిసింది. కావాలనే దాచానని కూడా తెలిసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆమే తిప్పుకుని బాబు నోరు తుడిచింది.