వాతకీ టీకాకీ తేడా తెలియక అనకాపల్లి దాకా

మా మేనకోడలు పార్వతికి పద్నాలుగేళ్లు. పక్క ఊళ్లో మశూచి దిగిందని విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. టీకాలాయన మా చీడికాడకీ వచ్చాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, జబ్బ మీద మచ్చ ఉన్నవాళ్లని పక్కకి పొమ్మన్నాడు. పార్వతికీ మచ్చ ఉంది. కానీ అది పసితనంలో కామెర్లు వచ్చినప్పుడు పసుపుకొమ్ము కాల్చి పెట్టిన వాత. టీకా ఆ పిల్ల ఒంటికి ఎన్నడూ తగల్లేదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి టీకాలాయన ఊరు దాటిపోయాడు.

"గవర్నమెంటాయనే అక్కర్లేదన్నాడప్పా, నీకేటి తొందర?" అన్నాడు మా తమ్ముడు.

"రోగం వాకిట్లోకి వచ్చాక తొందరపడమంటావా?" అని ఒంటి కాలి మీద లేచాను. మర్నాడు పార్వతిని తీసుకుని అనకాపల్లి ఆస్పత్రికని మొదటి బస్సెక్కేశాను.

నేరుగా అనకాపల్లి బస్సు దొరకదు, చోడవరంలో మారాలి. ఇద్దరికీ కలిపి రెండు రూపాయల లోపే అయింది. దారిలో ఒక ఊళ్లో గుమ్మాలన్నిటికీ వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. ఎవరో చెయ్యెత్తినా బస్సు ఆగలేదు. "ఇక్కడ ఆపమమ్మా. అమ్మోరు దిగింది," అన్నాడు కండక్టరు. పార్వతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అనకాపల్లిలో దిగేసరికి ఎండెక్కింది. బెల్లం బళ్లు రోడ్డంతా ఆక్రమించడంతో రిక్షా కదల్లేదు, ఆస్పత్రికి నడిచే వెళ్లాం. టీకాల గదిలో కాంపౌండరు పార్వతి జబ్బ చూసి, తల కూడా ఎత్తకుండా చెయ్యి ఊపేశాడు.

"మచ్చుంది కదమ్మా. సిన్నప్పుడు ఒకపాలి ఏత్తే సాలు. ఇంత ఎదిగిన పిల్లకి మళ్లీ ఎందుకు? జొరమొత్తే మమ్మల్నే తిడతారు."

"అది టీకా కాదు, వాత. టీకా మచ్చే అయినా ఈ వయసుకి మళ్లీ వెయ్యాలి. ట్రైనింగు స్కూల్లో చేరేటప్పుడు నాకు రెండోసారి వేశాకే లోపలికి రానిచ్చారు."

"ఎన్నేళ్ల నుంచి సేత్తన్నాను ఈ పని! మీరు డాక్టరమ్మా ఏటి?"

"కాదు. ఈ వాత పెట్టిన రోజు అడ్డంపడి తిట్లు తిన్నదాన్ని."

నేను జాకెట్టు చెయ్యి పైకి లాగి, నా జబ్బని పార్వతి జబ్బ పక్కన పెట్టాను. నావి గుండ్రంగా, గుంటలు గుంటలుగా ఉన్న రెండు మచ్చలు. దానిది నున్నగా, పొడుగ్గా సాగిన కాలిన మచ్చ. తర్వాత అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. "వేసేదాకా లేవను. మీ డాక్టరుగారిని పిలుచుకోండి," అన్నాను. వెనక వరస పెరిగింది, గొణుగుళ్లు మొదలయ్యాయి. ఆయన రెండు చేతులూ మార్చి మార్చి చూశాడు. డాక్టరుగారి దాకా వెళ్లలేదు.

"ఆ సెయ్యి ఇటియ్యమ్మా," అన్నాడు పార్వతితో, గొంతు తగ్గించి.

సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేశాం. వారం తిరిగేసరికి, టీకా పట్టిందనడానికి గుర్తుగా, వేసినచోట పెద్ద పొక్కు లేచింది, జ్వరమూ వచ్చింది. మా తమ్ముడు ఆ పొక్కు చూసి, పిల్ల పక్కనే రాత్రంతా కూర్చున్నాడు. నాకు ఆ కాంపౌండరు మీద కోపం ఇంకా చల్లారలేదు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ మా వైపు పిల్లల్లో సగం మందికి వాతలుంటాయని తెలిసీ, మచ్చని చూసి మనిషిని పంపేసే అలవాటుని నేను క్షమించను. మీరూ పిల్లల్ని తీసుకెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: చెయ్యి చూపించక ముందే, ఆ మచ్చ దేనిదో నోటితో చెప్పండి.

టీకాలాయన మొన్న మళ్లీ వచ్చాడు. ఎప్పటిలాగే మచ్చలు చూసి పిల్లల్ని పక్కకి పంపుతుంటే పార్వతి వెళ్లి, పక్కకి పంపినవాళ్లలో ఇద్దరు పిల్లల్ని చూపిస్తూ ఆయనకి అడ్డం నిలబడింది.

"అది వాత బాబూ. దానిదీ వాతే. ఇద్దరికీ ఏసి మరీ కదులు."