సుగ్గికి వెళ్లిన క్లాసు

ఎండుమిరప ఘాటు మనిషి కంటే ముందు వస్తుంది. మొన్న మార్చి చివర్లో మా హాస్టల్ గేటు ముందు రెండు ఆటోలు ఆగాయి. ఎవరు దిగారో నేను చూడకముందే వరండాలో కూర్చున్న పిల్లలు ఒకరి వెనక ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లిన అమ్మానాన్నలు తిరిగి వచ్చారన్నమాట. మూటలు, గిన్నెలు, చీర కొంగులు, తల వెంట్రుకలు, అన్నింటికీ అదే వాసన. పిల్లలు తుమ్ముతూనే పరుగెత్తి, తుమ్ముతూనే అమ్మల నడుములు పట్టుకుని వేలాడారు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప వల్లేనని వంటమనిషితో చెప్పాను. ఆమె నమ్మలేదు, నేనూ పట్టుబట్టలేదు.

నేను కోసిగిలో, వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం నడిచే హాస్టల్లో వార్డెన్‌ని. ఈ వలసను మా వైపు సుగ్గి అంటారు. పత్తి ఏరడం అయిపోయి ఊళ్లో పని లేకుండా పోగానే సగం ఊరు ఇళ్లకు తాళాలు వేసుకుని సుగ్గికి బయలుదేరుతుంది. ఒకప్పుడు నేనూ అలా వెళ్లినదాన్నే. అయినా ఆ ఘాటు ముక్కుకు తగిలితే నాకు గుర్తొచ్చేది మిరప చేను కాదు, వహీదా మేడమ్. ఆమె జన్మలో మిరప చేలో అడుగుపెట్టి ఎరగరు. ఎమ్మిగనూరులో మా డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పేవారు, రోజూ ఆదోని నుంచి బస్సులో వచ్చేవారు. ఆమె పోయి రెండేళ్లవుతోంది. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పమని నా మనసు అప్పటినుంచీ పోరుతూనే ఉంది.

పొట్టి మనిషి, గొంతు మాత్రం కాంపౌండ్ గోడ దాటేది. బురఖా స్టాఫ్ రూములో కొక్కానికి తగిలించి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ క్లాసులోకి వచ్చేవారు. బస్సులో ఎవరితోనో గొడవపడి వచ్చిన రోజున పాఠం ఇంకా బాగుండేది. ఒకసారి వస్తూనే బల్ల మీద చెయ్యి చరిచి, "ఆ కండక్టరు నన్ను అమ్మా అన్నంతసేపు నేను అమ్మనే. 'ఓ తల్లీ, లోపలికి జరుగు' అన్నాడు సూడండి, అప్పుడు రాక్షసినైపోయినా. అరే, నేను మారలేదు కదా! ఏం మారింది?" అన్నారు. మేమంతా నవ్వాం. ఆ నవ్వులోంచే పాఠం మొదలైంది. మనిషికీ మనిషికీ మధ్య నడిచే మాటల్లోంచి, చూపుల్లోంచి అర్థాలు పుడతాయని, ఎదుటివాళ్ల మొహాల్లో చూసుకునే మనం ఎవరమో నేర్చుకుంటామని చెప్పే పాఠం అది. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరు ఉండేది. ఆ పేరును మేడమ్ పరీక్షల ముందు మాత్రమే చెప్పేవారు, చేదు మందు మింగించినట్టు.

మొదటి సంవత్సరం మొదటి క్లాసులో ఎవరికి వాళ్లు లేచి తామెవరో చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. ఉరుకుందమ్మ అని పేరు చెప్పి, ఊరి పేరు చెప్పేలోగానే వెనక బెంచీ నుంచి నాగరాజు అనే కుర్రాడు, "సుగ్గి బ్యాచ్ మేడమ్!" అని అందించాడు. వాళ్లది ఎమ్మిగనూరులోనే మగ్గాల ఇల్లు. క్లాసంతా గొల్లుమంది. నేను తల వంచుకుని కూర్చోబోయాను.

"నిలబడమ్మా," అన్నారు మేడమ్. "నువ్వు సుగ్గి బ్యాచ్చా?"

"అవును మేడమ్. సుగ్గోళ్లమే," అన్నాను.

"అది నీ మాటనా, ఎవురో నీ చేతికిచ్చిన మాటనా?"

మేడమ్ నవ్వినవాళ్లను తిట్టలేదు. తుంగభద్రకు అవతల కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే సంబరమని, ఆ మాటే మన దగ్గర నవ్వడానికి పనికొస్తోందంటే ఆ పని చేసింది మాట కాదు, నోళ్లని చెప్పారు. "మీ నోళ్లే మళ్లీ ఇంకో పని కూడా చెయ్యగలవు. సూద్దాం," అని చాక్‌పీసు అందుకున్నారు. ఆ రోజు ఆమె మీద నాకు కోపమే వచ్చింది. నలుగురిలో నిలబెట్టి అడగాలా అని నేనుండే హాస్టల్‌కు వెళ్లి ఏడ్చాను.

ఆమె ఇచ్చే హోంవర్కులు ప్రపంచంలో ఎవరూ ఇవ్వరు. ఒక శనివారం, రేపు మీ ఇంట్లో మీరు పూట గడిచేదాకా చుట్టంలా మాట్లాడండి, ఏం జరుగుతుందో సోమవారం చెప్పండి అన్నారు. నేను ఊరికి వెళ్లాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తడుతోంది. "అండీ, మీకు ఇబ్బంది లేకపోతే కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తారా?" అన్నాను. అమ్మ వెనక్కి తిరిగి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది.

"ఏమైందే నీకు? నన్ను మీరు అంటాండావేందే?"

"మీ రొట్టెలు చాలా బాగున్నాయండీ."

అంతే. అమ్మ చేతిలో పిండి ముద్ద కింద పడింది. ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అప్పటికీ నేను అండీ మానకపోయేసరికి పక్కింటి పెద్దామెను కేకేసింది. ఆమె నా కనురెప్పలు ఎత్తి చూసి, "గాలి సోకింది, సందేహమే లేదు. అమాసకు ఉరుకుంద గుడికి పిల్సకపో," అని తేల్చేసింది. మా నాయన మాత్రం గోడకు ఆనుకుని పడీ పడీ నవ్వుతున్నాడు. నిజం చెప్పాక అమ్మ నన్ను తరిమి తరిమి కొట్టింది. కొట్టాక గట్టిగా పట్టుకుని ఏడ్చింది కూడా. సోమవారం ఇదంతా చెప్తే క్లాసు మళ్లీ గొల్లుమంది. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు, నాతో. ఆ తేడా నా ఒంటికి తెలిసింది.

"చూసినారా," అన్నారు మేడమ్. "ఇల్లు అదే, తల్లి అదే, రక్తం అదే. మాట ఒక్కటి మారితే కూతురు పరాయిదైపోయింది. ఏమే, రావే అని ఆ తల్లి రోజూ పిలిచీ పిలిచీ కూతుర్ని తయారుచేసుకుంటాంది. ఒక్క పూట ఆ పని ఆగిపోతే భయపడింది." అమ్మ నన్ను కొట్టడంలో అంత అర్థముందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో సంవత్సరం శీతకాలంలో అసలు కష్టం వచ్చిపడింది. అమ్మ మోకాళ్లు వాచిపోయి మంచం దిగలేకపోయింది. సుగ్గికి మనుషుల్ని కూర్చే మేస్త్రీ వచ్చినప్పుడు, అమ్మ బదులు పాప వస్తుందని నాయన మాట ఇచ్చేశాడు. తప్పని నేను అనలేను, ఇంట్లో ఇంకో దారి లేదు. కానీ కోతలయ్యేసరికి పరీక్షలు నెత్తి మీదికి వస్తాయి. హాజరు తగ్గినవాళ్లకు హాల్ టికెట్ ఇచ్చేది లేదని ప్రిన్సిపాల్ గారు ముందే చాటింపు వేశారు. ఆ ఏడు పరీక్ష పోతే నా చదువు పోయినట్టే. సుగ్గికని మధ్యలో మానేసిన ఆడపిల్ల మళ్లీ కాలేజీ గడప తొక్కడం మా ఊరు అప్పటికి చూడలేదు.

స్టాఫ్ రూముకు వెళ్లి మేడమ్ ముందు నిలబడ్డాను. "నేను మానేస్తాండా మేడమ్. సుగ్గికి పోతాండా," అన్నాను. వద్దంటారని, మా నాయనను పిలిపిస్తారని, బతిమాలతారని ఎదురుచూశాను. ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టి నావైపు తిరిగారు.

"పో," అన్నారు. "కూలిమనిషిగా ఎట్లా పోతావో నీకు తెలుసు. ఈసారి సోషియాలజీ స్టూడెంటుగా కూడా పో. ఆడ నిన్ను ఎవురు ఏమని పిలుస్తాండారు, ఎవురు ఎవురితో కూర్చుని తింటాండారు, అన్నీ సూడు. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చెయ్. వచ్చినాక క్లాసుకు చెప్పు."

"హాజరు ఉండదు కదా మేడమ్?"

"ఆ సంగతి నేను సూసుకుంటా."

మిరప కోసిన చేతులు ఎలా మండుతాయో కోసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కోయనివాళ్లకు చెప్పినా తెలియదు. ఆ మంట ఎప్పటి మంటే. కానీ చూపు మారింది. సాళ్లలో వంగి కాయలు కోస్తూ చెవులు రిక్కించేదాన్ని. చేను ఆసామి మమ్మల్ని "కర్నూలోళ్లూ!" అని కేకేసేవాడు. మాలో ఎవరి ఊరు ఏదో, ఎవరి వీధి ఏదో ఆయనకు అక్కర్లేదు. ఊళ్లో ఉన్నప్పుడు మా నడివీధివాళ్లూ, చర్చి పక్క పేటవాళ్లూ ఒకరి బిందె ఒకరు ముట్టుకోరు. ఇక్కడ ఒకే టార్పాలిన్ కింద పడుకుని, ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే కుండలో నీళ్లు ముంచుకుంటున్నాం. పేట మరియమ్మ అత్త రోజూ పొద్దున్నే నా జడ వేసేది. ఊళ్లో ఆమెను అత్తా అని పిలిచిన గుర్తు నాకు లేదు.

ఆదివారాలు మేడమ్‌తో మాట్లాడుతుంటే నాయన మొదట్లో గొణిగేవాడు. "ఆ యమ్మకు పనీ పాటా లేదా? మన బతుకులో ఏముందని అడుగుతాది?" రెండు మూడు వారాలయ్యాక గొణుగుడు తగ్గింది, దగ్గరికి జరిగి వినడం మొదలైంది. ఆ తర్వాత ఫోన్ మధ్యలో తనే అందించేవాడు. "ఆసామి భార్య మనల్ని అన్నా, వదినా అని ఎప్పుడు పిలుస్తాదో చెప్పు ఆమెకు. కూలోళ్లు సాలనప్పుడే అని చెప్పు!" ఆదివారం వస్తే, "ఏమ్మీ, మేడమ్‌కు చేసినావా?" అని నాకంటే ముందు తనే గుర్తుచేసేవాడు.

కోతలు ముగిశాయి. రైల్లో మేమంతా ఒకరి మీద ఒకరు కూర్చుని, ఒకరి చద్ది ఒకరు తింటూ వచ్చాం. ఆదోని స్టేషన్లో దిగాం. స్టేషన్ బయట ఆటోల దగ్గరికి నడిచే ఆ కాస్త దూరంలోనే మేము రెండు గుంపులైపోయాం. ఎవరూ విడిపొమ్మనలేదు. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మరియమ్మ అత్త నా తల నిమిరి, "పోయొస్తాప్పా," అని రెండో ఆటో వైపు వెళ్లిపోయింది. వెంటనే ఇది మేడమ్‌కు చెప్పాలి అనుకున్నాను.

కాలేజీకి వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గారి గదిలో నా గురించే మాట నడుస్తోంది. గుమ్మం బయట నిలబడి విన్నాను. "నెలల తరబడి క్లాసుకు రాని అమ్మాయికి ఎలా ఇస్తాం మేడమ్?" అన్నారాయన. "క్లాసే ఆ అమ్మాయితో పాటు పోయింది సార్," అన్నారు మేడమ్. "మీరే వచ్చి వినండి. విన్నాక కూడా ఆమె సదువుకోలేదని మీకు అనిపిస్తే, నేను ఇంకొక్క మాట మాట్లాడను." ఆమె తన మాట విలువంతా తీసుకెళ్లి నా నోట్లో పెట్టారు.

ప్రిన్సిపాల్ గారు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. నేను లేచి, "నాకు సరిగా చెప్పడం రాదు సార్, మేము కూలోళ్లం..." అని మొదలుపెట్టాను. మేడమ్ కిటికీ దగ్గర నుంచి, "అది నీ మాటనా ఉరుకుందమ్మా?" అన్నారు. కాదు. అది నా మాట కాదు. ఆపేశాను. కర్నూలోళ్లూ అనే కేక దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను. చేలో ఒక్కటైన మేము ఆదోని స్టేషన్ బయట రెండుగా ఎలా చీలిపోయామో చెప్పేసరికి వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకు వంగి వింటున్నారు. ఎవరు ఎవరో మన నుదుట రాసి లేదని, ఎదుట ఎవరున్నారో, ఏ నేల మీద నిలబడ్డామో దాన్నిబట్టి రోజూ తయారవుతామని, తయారైంది మార్చుకోవచ్చు కూడా అని చెప్పాను. ఇదంతా నా గొంతేనా అని నాకే ఆశ్చర్యం.

మొదట లేచింది నాగరాజు. "మా నాయన మగ్గం మీద కూర్చుంటే ఒక మనిషి మేడమ్, షావుకారు ముందర నిలబడితే ఇంకో మనిషి. వచ్చే వారం నేను చెప్తా," అన్నాడు. నావైపు తిరిగి, "బాగా చెప్పినావక్కా," అన్నాడు. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, హాజరు మినహాయింపుకు యూనివర్సిటీకి తాను రాస్తానని, హాల్ టికెట్ తీసుకెళ్లమని చెప్పి వెళ్లిపోయారు. పరీక్ష రాశాను. పాసయ్యాను. మేడమ్ నన్ను మెచ్చుకోలేదు. "నేనేం చేసినా? వినేవాళ్లను తెచ్చి కూర్చోబెట్టినా, అంతే," అన్నారు. అంతేనట! ఆ అంత పని నాకోసం అంతకు ముందు ఎవరు చేశారు?

మళ్లీ శీతకాలం వచ్చింది. మేస్త్రీ మా గడపలో కూర్చుని, "మీ ఇంట్లో ఎంతమంది ఎక్కుతాండారప్పా?" అన్నాడు. అమ్మ మోకాళ్లు ఇంకా బాగుపడలేదు. నేను లోపల ఊడవడం ఆపి, చీపురు పట్టుకుని తలుపు దగ్గరికి జరిగాను.

"నేనొక్కన్నే," అన్నాడు నాయన.

"మరి పాప? పోయినేడు బాగానే కోసినాది కదా?"

"పాప కూలికొచ్చే మనిషి కాదు. సదువుకునే మనిషి." వీధిలోవాళ్లకు వినబడేలా గట్టిగా అన్నాడు.

వహీదా మేడమ్ మా నాయనను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన గొంతు ఫోన్‌లో వెనకనుంచి విన్నారేమో, అంతే. కానీ ఆ మాట ఆయన నోటికి వచ్చేదాకా దారి వేసింది ఆమే. నేను చదువుకునే మనిషినని హాల్ టికెట్ చూసినప్పుడు కూడా నాకు పూర్తిగా నమ్మకం లేదు. నాయన నోట విన్నాక ఇక ఎవరు ఏమన్నా అది పోలేదు. మా మేడమ్ చేతి కింద చదువుకున్నానని చెప్పుకోవడానికి నాకు ఈరోజుకీ ఛాతీ పొంగుతుంది.

అందుకే హాస్టల్లో పిల్లల్ని వదలడానికి పెద్దవాళ్లు వచ్చినప్పుడు నేను పిల్ల ఎదుటే వాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. పోయిన నవంబరులో ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. బయట బండి హారన్ కొడుతోంది, ఆయనకు తొందర. "ఈ పాప ఎవరు?" అన్నాను. "మా పాపే మేడమ్," అన్నాడు. "అది తెలుస్తాంది. ఎవరు?" అన్నాను మళ్లీ. ఆయన బొటనవేలితో నేల గీశాడు, బండి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. నేను ఊరుకోలేదు, అలాగే నిలబడ్డాను.

"సదువుకునే పిల్ల మేడమ్," అన్నాడు చివరికి.

పాప చటుక్కున తలెత్తి వాళ్ల నాయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన చేతిలోని మూట తనే అందుకుని, మమ్మల్నెవరినీ అడక్కుండా లోపలికి నడిచింది.