రాళ్ళమడుగు పిడుగుకత్తి

పిడుగుకత్తి ఎత్తినవాడి ఒంటిమీద గీత పడదని రాళ్ళమడుగులో అందరూ నమ్మేవాళ్ళు. మనూరుకు ఆమడ దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆ కత్తి కథ వినకుండా పెరిగిన మనిషి లేడు. ఎన్నో తరాల కింద జొన్నచేలో పిడుగు పడిందట. పడినచోట మట్టి మూడు రోజులు చల్లారలేదట. తవ్వితే నల్లటి ఇనుపముద్ద దొరికిందట. ఊరి కమ్మరి దాన్ని సాగగొట్టి కత్తి చేస్తే, అది పట్టుకున్న ఒక్క మనిషి పదిహేనుమంది దొంగలను వాగు అవతలిదాకా తరిమి, చెమట తప్ప ఇంకేమీ కారకుండా తిరిగొచ్చాడట. అప్పటినుంచి అది పోచమ్మ గుడిలో, అమ్మవారి కుడిపక్కన ఉంటోంది.

కమ్మరి శంకరమ్మ కూడా ఆ కథ నమ్మింది, పెళ్ళయిన నాలుగో ఏడు దాకా.

ఆమెది నాగల్‌గిద్ద వైపు పల్లె. పుట్టింట్లో కన్నడం, అత్తింట్లో తెలుగు. పదమూడో ఏట పెళ్ళై, చంద్రప్ప కొలిమి ముందుకొచ్చి తిత్తి తాడు పట్టుకుంది. చంద్రప్ప మాటలు తక్కువ మనిషి, పనిమంతుడు. ఏటా ఆషాఢంలో బోనాలకు ముందు గుడి పూజారి నాగయ్య పిడుగుకత్తిని ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చేవాడు. తుప్పు రుద్ది, పదును పెట్టి తిరిగివ్వడం కమ్మరింటి వంతు.

ఆ నాలుగో ఏడు కత్తి మొన వంకరపోయి వచ్చింది. సరిచేద్దామని చంద్రప్ప నిప్పుల్లో పెట్టి, ఎర్రబడ్డాక దాగలిమీద వేసి సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. కత్తి మూడు ముక్కలైంది. లోపలంతా తుప్పు తిని గుల్లయిపోయి ఉంది. పైన నూనె పూతే తప్ప ఇనుము మిగల్లేదు.

చంద్రప్ప చాలాసేపు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊరు మనల్ని బతకనియ్యదు" అన్నాడు చివరికి. "లే, తలుపేసి రా. తిత్తి ఊదు."

మూలన విరిగిన బండిచక్రం ఇనుప పట్టా ఉంది. దాన్ని కాల్చి సాగగొట్టారు. ఆయన పట్టకారుతో పట్టుకుంటే సమ్మెట వేసింది శంకరమ్మే. మూడు రోజులు, కత్తికి నిష్ఠగా చెయ్యాల్సిన పని ఉందని చెప్పి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి నలుపు ఎక్కించారు. వెన్నుమీద పాతదానికున్నట్టే మూడు చుక్కలు కొట్టి, పాత పిడి బిగించారు. విరిగిన ముక్కలను దాగలి మొద్దు కింద పాతిపెట్టారు. బయటికి చెప్పనని ఆమె చేత దాగలిమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు చంద్రప్ప. నాగయ్య వచ్చి, కత్తిని కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు. ఏ తేడా కనిపించలేదతనికి.

ఆ ఏడునుంచి బోనాల రోజు చంద్రప్ప గుడికి పోయేవాడు కాదు. ఒళ్ళు బాగాలేదనేవాడు. ఆరేళ్ళ తర్వాత నిజంగానే జ్వరమొచ్చి పదకొండు రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడు. "ఒట్టు యాదుంచుకో."

శంకరమ్మ కొలిమి ఆర్పలేదు. నాగలి కర్రుల వంటి పెద్ద పనులు మనూరుకు పోయినా కొడవళ్ళు, కలుపుతీసే ఖుర్పీలు, మేకులు ఆమే చేసేది. బొగ్గులు లీలమ్మ తెచ్చిపోసేది. లీలమ్మ వాళ్ళు మిషను దొరల చేత బాప్తిస్మం పుచ్చుకున్న కూలి కుటుంబం. భర్త తోమా రాళ్ళు కొట్టే పనికి పోయేవాడు. ఏటా కత్తి వచ్చినప్పుడు శంకరమ్మే పదును పెట్టేది. పెడుతున్నంతసేపూ దాని మొహం చూసేది కాదు.

అట్లా పద్నాలుగేళ్ళు గడిచాక వానలు లేని ఒక ఏడు వచ్చింది. వాగులో ఒక్క మడుగే మిగిలింది. దాని పక్క పొదల్లోకి చిరుతపులి చేరింది. మొదట మేకలు పోయాయి. తర్వాత, నీళ్ళకు పోయిన భూమన్న ఆరేళ్ళ కూతురు పోయింది. పెద్దమనుషులు నారాయణఖేడ్ పోయి, తుపాకీ ఉన్న మనిషిని పంపమని కచేరీ ముందు రెండు రోజులు కూర్చున్నారు. వస్తారన్నారు. పన్నెండు రోజులైనా ఎవరూ రాలేదు.

పదమూడోనాడు పొద్దున్నే గొల్ల బీరప్ప కొలిమి దగ్గరికి వచ్చాడు. పాతికేళ్ళవాడు. తొమ్మిది గొర్రెలు పోగొట్టుకున్నాడు. భార్య రామవ్వకు అయిదో నెల. చంద్రప్ప పోయిన చలికాలం పదకొండేళ్ళ పిల్లాడిగా గొంగడి తెచ్చి శంకరమ్మకు కప్పింది ఇతనే. అతని చేతిలో ఎర్రగుడ్డ చుట్ట ఉంది.

"పెద్దమ్మా, జెర పదును పెట్టు. నాగయ్య ఇచ్చిండు. అమ్మ సెలవైందట."

శంకరమ్మ చేతిలోని పట్టకారు కింద పెట్టింది. "ఒక్కనివే పోతున్నవా?"

"మందిని ఏస్కపోతె అది దొరుకుతదా? ఒక్కన్ని పోతేనే బయటికొస్తది."

"బర్షె తీస్కపో కొడుకా, దూరంకెల్లి పొడవొచ్చు. నలుగురిని ఎంబడి తీస్కపో."

బీరప్ప నవ్వాడు. "పిడుగుకత్తి ఉండంగ బర్షె ఏందే? గీత గూడ పడదాయె."

ఆమె కత్తి తీసి సానరాయిమీద పెట్టింది. గొంతుదాకా వచ్చింది మాట. ఇది బండి పట్టారా, నేనే కొట్టిన, అంటే అయిపోయేది. చచ్చిన మొగుడి పేరు ఊళ్ళో ఉమ్మేసే పేరు అవుతుంది. తన కొలిమి ఆరిపోతుంది. అదొక్కటే కాదు. ఇరవై ఏళ్ళుగా ఊరంతా మొక్కింది, పసుపు పూసింది, బలి నెత్తురు చూపింది. అన్ని మొక్కులు తాగిన ఇనుము ఉత్త ఇనుముగానే ఉంటుందా అని కూడా ఆమెకు అనిపించింది. ఆ అనుమానమే ఆమెకు ఆ పొద్దు ఊతమైంది. ఎన్నడూ పెట్టనంత పదును పెట్టింది. అప్పుడే లీలమ్మ బొగ్గుల గంప దించుతూ, గోడకు ఆనించిన కత్తి జారితే కిందపడకుండా పట్టుకుని నిలబెట్టింది. కొడవళ్ళకోసం అప్పుడే వచ్చిన ఇద్దరు అది చూశారు. బీరప్ప కత్తి భుజాన వేసుకుని వాగు దారి పట్టాడు.

మిట్టమధ్యాహ్నం కేక వినిపించింది. జనం కట్టెలు పట్టుకుని పరుగెత్తేసరికి బీరప్ప మడుగు ఒడ్డున వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ, రొమ్ము చీలిపోయి ఉన్నాయి. కత్తి పక్కనే ఉంది. దానిమీద చిరుత వెంట్రుకలు, కొంచెం నెత్తురు. దెబ్బ సూటిగానే తగిలింది. కానీ మెత్తటి బండి ఇనుము, ఎముక తగలగానే కొడవలిలా వంగిపోయింది. ఆ వంపు చూడగానే శంకరమ్మ అక్కడే ఇసుకలో కూలబడింది. రామవ్వతోపాటు ఈమె కూడా బీరప్ప కోసమే ఏడుస్తోందనుకున్నారు.

మూడోనాడు చావడి దగ్గర ఊరు కూడింది. నాగయ్య లేచి నిలబడ్డాడు.

"కత్తి తప్పు లేదు. మైలపడ్డది. లీలమ్మ దాన్ని ముట్టింది, కొలిమికాడ సూసినోళ్ళున్నరు. మన దేవుళ్ళను ఇడిసిపెట్టినోళ్ళ చెయ్యి తగిల్తె అమ్మ ఊకుంటదా?"

ఎవరో అప్పటికే లీలమ్మ గుడిసె వైపు నడిచారు. పొగ లేచింది. తోమా అడ్డం పోతే కట్టెలతో కొట్టారు. లీలమ్మను జుట్టు పట్టి చావడి ముందుకు ఈడ్చుకొచ్చారు. కత్తి ముట్టిన చెయ్యి కాల్చాలన్నాడొకడు. నిప్పులు తెమ్మన్నాడింకొకడు. నిప్పులు ఎక్కడుంటాయి, కమ్మరి కొలిమిలోనే ఉంటాయి. అందరూ శంకరమ్మ వైపు చూశారు.

"దాని చెయ్యి కాదు, నా చెయ్యి కాల్చుండ్రి" అంది శంకరమ్మ. ఆమె గొంతు తనకే వినిపించనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ గట్టిగా అంది. "గది పిడుగుకత్తి కాదు. ఇరిగిపోయి ఇరవై ఏండ్లయింది. బండి పట్టాతోని మేమే చేసినం, నేనూ మా ఆయనా."

"దీనికి మతి తప్పింది" అన్నాడు నాగయ్య.

ఆమె కొలిమికి పోయి, గడ్డపారతో దాగలి మొద్దు పెకిలించి, మూడు ముక్కలూ తెచ్చి చావడి అరుగుమీద పోసింది. తుప్పు రాలింది. ముసలివాళ్ళు ముక్కలను జతచేసి చూశారు. పాత కత్తి వెన్నుమీద ఉండే, అరిగిపోయిన మూడు చుక్కలను గుర్తుపట్టారు. లీలమ్మను పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలేశాయి.

అప్పుడు రామవ్వ వచ్చింది. నడవడానికి ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నారు.

"గాయిన నీ దగ్గరికొచ్చిండు గదా" అంది. "నీ చేతులల్లనే పెట్టిండు గదా. గప్పుడెందుకు చెప్పలే?"

శంకరమ్మ నోరు తెరిచింది. ఒట్టు గురించి చెప్పబోయింది. చంద్రప్ప పేరు గురించి చెప్పబోయింది. రామవ్వ కడుపు చూసి నోరు మూసుకుంది.

ఆమెను ఎవరూ కొట్టలేదు. మరునాడు పొద్దున తిత్తి చీల్చి ఉంది, కొలిమి గుంటలో మట్టి నింపి ఉంది. బావి దగ్గర ఆమె కడవతో నిలబడితే అందరూ తొలగిపోయారు. నాలుగోనాడు మూట కట్టుకుని నారాయణఖేడ్ దారి పట్టింది. లీలమ్మ, తోమా ఆ పొద్దున్నే ముందుగా బయల్దేరారు. దారిలో ఒక చింతచెట్టు కింద వాళ్ళను కలిసింది. తోమా తలకు గుడ్డ కట్టుంది. లీలమ్మ ఆమెను చూసి జరిగి కూర్చుని చోటిచ్చింది. మంచినీళ్ళు ఇచ్చింది. కానీ ఆ మధ్యాహ్నమంతా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

చిరుతను నెలన్నర తర్వాత బీదరు నుంచి వచ్చిన ఒక వేటగాడు కాల్చాడు. దాని భుజాన మానని గాయం ఉందని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. రాళ్ళమడుగు గుడిలో నాగయ్య ఆ మూడు ముక్కలనే అమ్మవారి పక్కన పెట్టాడు. కొన్నేళ్ళకు, ఊరిని కాపాడబోయి కత్తి తనంతట తానే విరిగిందని పిల్లలు చెప్పుకోసాగారు.

శంకరమ్మ నారాయణఖేడ్‌లో సడకు పనిలో కంకర కొట్టి బతికింది. సమ్మెట పట్టిన చేతులు కాబట్టి ఆ పని చేతనైంది. కమ్మరి పని మళ్ళీ ముట్టలేదు. చాలా ఏళ్ళకు ఒక సంతరోజు, ఎనిమిదేళ్ళ ఆడపిల్లను వెంటబెట్టుకుని రామవ్వ ఎదురైంది. గొంగళ్ళు అమ్మడానికి వచ్చింది. 

"నువ్వు చెప్తె గాయిన ఆగునో, ఆగకపోవునో" అంది రామవ్వ. "నాకు తెల్వదు. గది తెల్వకుంటనే సచ్చిపోత నేను."

"నేను గూడ, బిడ్డా" అంది శంకరమ్మ.

రామవ్వ కూతురి చెయ్యి పట్టుకుని గొంగళ్ళ బజారు వైపు పోయింది. పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆ మరుసటి ఎండాకాలం శంకరమ్మ కంకర కుప్ప పక్కనే పడిపోయింది. తోటి కూలీలు మధ్యాహ్నం పని మాని, సడకుకు దూరంగా గుంట తవ్వి పూడ్చారు.